యేసు సింహం అయితే అపవాది కూడా సింహమేనా? పిల్లలకి ఎలా చెప్పాలి?

గాజువాక టీచర్:

అందరికీ వందనాలు. నేను గాజువాక వైపు ఒక చిన్న సంఘంలో సండే స్కూల్ చెప్తున్నాను. నా క్లాసులో ఉండేది ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు. ఈ నెలంతా బైబిల్లో కనిపించే జంతువుల మీద పాఠాలు పెట్టుకున్నాం, ఇప్పుడు సింహం వంతు వచ్చింది. సంసోను, దావీదు, దానియేలు కథలు వీళ్లకి ముందే వచ్చు కాబట్టి ఈసారి రెండు కంఠత వాక్యాలు కూడా ఇచ్చాను. ఒకటి ప్రకటన 5:5, అందులో యేసు ప్రభువుని "యూదా గోత్రపు సింహము" అంటారు. రెండోది 1 పేతురు 5:8, మన విరోధి అయిన అపవాది "గర్జించు సింహమువలె" ఎవరిని మింగుదామా అని వెతుక్కుంటూ తిరుగుతున్నాడు అనేది.

రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసేసరికి ఒక పాప అడిగింది, "టీచర్, మరి సింహం మంచిదా చెడ్డదా? యేసయ్య సింహం అయితే సాతాను కూడా సింహం ఎలా అవుతాడు?" అని. చాలా న్యాయమైన ప్రశ్న. మీటింగుల్లో మనం ఎప్పుడూ వినే జవాబు ఒకటుంది, యేసు అసలు సింహం, అపవాది నకిలీ సింహం, వాడికి పళ్లు ఊడిపోయాయి, ఊరికే అరుస్తాడు అని. వినడానికి బాగుంటుంది, అందరూ గట్టిగా ఆమేన్ అంటారు, కానీ దానితో నాకు తృప్తి లేదు. ఎందుకంటే హోషేయ 5:14 తెరిస్తే దేవుడే ఎఫ్రాయిముకు, అంటే ఉత్తర ఇశ్రాయేలు ప్రజలకి, నేను సింహంలా ఉంటాను, చీల్చేస్తాను అంటున్నాడు. కీర్తనల్లో చూస్తే శత్రువులు సింహాలు. సామెతల్లో రాజు కోపం సింహ గర్జన, అదే సామెతల్లో 28:1లో నీతిమంతుడు సింహంలా ధైర్యంగా ఉంటాడు. అసలు, నకిలీ అని రెండు గంపలు పెడితే ఇవన్నీ ఏ గంపలో వెయ్యాలి?

పిల్లలకి అర్థమయ్యేలా, అలాగని ఉన్నదాన్ని దాచకుండా, ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు చెప్పండి. పెద్దవాళ్లకి చెప్పే వివరణ అయినా పర్వాలేదు, పిల్లల భాషలోకి నేను మార్చుకుంటాను.


పాత పోస్టాఫీసు వీధి:

అక్కా, మంచిదా చెడ్డదా అనే దగ్గర మొదలుపెట్టకండి, ముందు పిల్లల్ని సింహాన్ని ఒక నిజమైన జంతువుగా చూడనివ్వండి. మనకి సింహం అంటే జూలో కంచె అవతల కనిపించేది, లేకపోతే నోటు మీద అశోక స్తంభం బొమ్మ. మన విశాఖపట్నంలో ఎవరూ సింహానికి భయపడి తలుపు గడియ పెట్టుకోరు. బైబిల్ రాసినవాళ్ల సంగతి అలా కాదు. యొర్దాను నది ఒడ్డున దట్టమైన పొదలుండేవి, సింహాలు అందులోంచి గొర్రెలు మేసే చోటికి ఎక్కి వచ్చేవి. యిర్మీయా ఈ దృశ్యాన్ని రెండుసార్లు వాడుకున్నాడు (49:19, 50:44), అంటే వినేవాళ్లకి వెంటనే కళ్ల ముందు కనపడుతుందని ఆయనకి తెలుసు.

ఆమోసు అయితే స్వయంగా తెకోవ దగ్గర పశువుల మధ్య బతికినవాడు. 3:12 చదవండి. సింహం నోట్లోంచి కాపరి రెండు కాళ్లో, చెవి ముక్కో లాక్కొచ్చినట్టు ఇశ్రాయేలులో కొంచెం మంది మిగులుతారు అంటాడు. నాకు చాలాకాలం ఈ మాట అర్థం కాలేదు, చచ్చిపోయిన గొర్రె చెవి ముక్క ఎవరికి కావాలి? నిర్గమకాండము 22:13 చూస్తే తెలుస్తుంది. వేరేవాళ్ల పశువుని కాస్తుంటే మృగం చీల్చేస్తే, ఆ చీల్చిన ముక్క సాక్ష్యంగా తెచ్చి చూపించాలి, చూపిస్తే నష్టం కట్టనక్కర్లేదు. ఆ ముక్క లేకపోతే వాడే అమ్ముకున్నాడనో తినేశాడనో అనుమానం. అంటే ఆమోసు వాడిన పోలిక పుస్తకాల్లోది కాదు, రోజూ కూలీ చేసుకునే కాపరి బతుకులోది.

ఇలాంటి జంతువు ఊరి పక్కనే ఉంటే దానిలో ఒక్క గుణమే ఉండదు కదా. బలం ఉంటుంది, పొంచి ఉండడం ఉంటుంది, చీల్చడం ఉంటుంది, తిన్నాక ఎవరికీ భయపడకుండా పడుకోవడం కూడా ఉంటుంది. ఒక్కో రచయిత ఒక్కోటి తీసుకున్నాడు. ఆదికాండము 49లో యాకోబు తన కొడుకు యూదాని ఆశీర్వదించేటప్పుడు తీసుకున్నది ఆ పడుకోవడమే, దాన్ని లేపే ధైర్యం ఎవరికుంది అని. కీర్తన 10:9లో తీసుకున్నది పొంచి ఉండడం, అది దుర్మార్గుడికి పెట్టాడు. యెషయా 31:4 నాకు చాలా ఇష్టం, సింహం ఎర మీద నిలబడి ఉంటే కాపరులందరూ గుంపుగా వచ్చి కేకలేసినా బెదరదు, అలాగే యెహోవా సీయోను, అంటే యెరూషలేము, కోసం దిగి వచ్చి యుద్ధం చేస్తాడు. అదే సింహం, అదే కోర, కానీ అక్కడ అది మన వైపు నిలబడి ఉంది.

అందుకని ఆ పాపని తిరిగి ఒక ప్రశ్న అడగండి. "ఈ వాక్యంలో సింహం ఏం చేస్తోంది?" పేతురు దగ్గర వెతుక్కుంటూ తిరుగుతోంది, మింగడానికి. ప్రకటనలో జయించింది, గ్రంథం విప్పడానికి. పిల్లలు చాలా తొందరగా పట్టుకుంటారు.


ఎండాడ బ్రదర్:

సిస్టర్ మీ ఆసక్తికి దేవునికి స్తోత్రం. కానీ నా మాట కొంచెం వేరు. పదేళ్ల పిల్లలకి హోషేయలో దేవుడు చీల్చేస్తాడు అని చెప్పడం అవసరమా? మా బాబు ఇలాంటివి వింటే రాత్రి పడుకోడు. పిల్లలకి ఒక్కటే గట్టిగా నాటాలి, యేసు యూదా గోత్రపు సింహం, ఆయన ఉంటే దేనికీ భయం లేదు. మిగతావి పెద్దయ్యాక వాళ్లే చదువుకుంటారు. అసలు నకిలీ అనే వివరణ లోతుగా లేకపోవచ్చు గానీ పిల్లలకి పట్టుకోవడానికి ఒక ఊత ఇస్తుంది.


పాత పోస్టాఫీసు వీధి:

బ్రదర్ గారూ, భయపెట్టకూడదు అన్నది నిజం, చీల్చడం గురించి వాళ్లకి వర్ణించి చెప్పమని నేనూ అనను. కానీ ఆ ఊత ఎంతకాలం ఆగుతుంది? ఇదే పిల్ల ఇంటర్‌కి వచ్చేసరికి హాస్టల్లో పక్కమంచం అమ్మాయి అడుగుతుంది, మీ పుస్తకంలో దేవుడూ సింహమే సాతానూ సింహమే అంట కదా అని. అప్పుడు దాని చేతిలో ఉన్న జవాబు విరిగిపోతే, విరిగింది ఆ జవాబు ఒక్కటే అనుకోదు. సండే స్కూల్లో చెప్పినవన్నీ అలాంటివే అనుకుంటుంది. కొంచెం చెప్పండి, కానీ చెప్పింది తర్వాత వెనక్కి తీసుకోనక్కర్లేనిదిగా చెప్పండి.

ఇంకోటి, హోషేయ 5 ఒక్కటే చూపించి ఆపితే అన్యాయం. అదే హోషేయ 11:10కి వస్తే దేవుడు మళ్లీ సింహంలా గర్జిస్తాడు, ఈసారి ఆ గర్జన విని పిల్లలు వణుకుతూ ఇంటికి తిరిగి వస్తారు, ఆయన వాళ్లని వాళ్ల ఇళ్లలో ఉంచుతాడు. పారిపోవడానికి కాదు, తిరిగి రావడానికి గర్జన. ఈ అధ్యాయం మొదట్లో ఎఫ్రాయిముకి నడక నేర్పింది నేనే, చేతులు పట్టుకున్నాను అంటాడు. మీ బాబుకి ఇది చెప్పండి.


జీడితోట:

నాది పలాస వైపు, ఉద్దానం. ఉద్యోగం కోసం వచ్చి మర్రిపాలెంలో ఉంటున్నాను. పైన సింహం ఊరి పక్కన ఉండే జంతువు అన్న మాట చదివాక రాయాలనిపించింది. మాకు సింహాలు లేవు గానీ ఎలుగుబంట్లు ఉన్నాయి. జీడితోటల్లోకి వచ్చేస్తాయి, తెల్లారకుండా తోటకి వెళ్లినవాళ్లు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. మావాళ్లు ఒక్కరే వెళ్లరు, గట్టిగా మాట్లాడుకుంటూ గుంపుగా వెళ్తారు.

అందుకని 1 సమూయేలు 17లో దావీదు సౌలు రాజుతో చెప్పే మాట నాకు వేరేగా వినిపిస్తుంది. "సింహము ఎలుగుబంటి" అని రెండూ కలిపి చెప్తాడు. పిల్లల బొమ్మల్లో ఇది గొల్యాతు అనే మహాకాయుడి కథకి ముందు వచ్చే చిన్న ముక్క, తొందరగా దాటేస్తాం. కానీ ఆలోచించండి, ఒక కుర్రవాడు ఒక్కడే, చేతిలో కర్ర, మంద మధ్యలోంచి గొర్రెపిల్లని ఎత్తుకుపోతున్న మృగం వెనక పరిగెత్తాడు, నోట్లోంచి విడిపించాడు, అది తిరగబడితే గడ్డం పట్టుకుని చంపాడు. ఎవరూ చూడలేదు. పాట పాడేవాళ్లు లేరు. గొల్యాతు దగ్గర సైన్యమంతా చూస్తోంది, ఇక్కడ ఒక్క గొర్రెపిల్ల కోసం. ఇది విన్న తర్వాత కాపరి అనే మాట మెత్తగా అనిపించదు, మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడు అని యోహాను 10లో యేసు ప్రభువు అన్నప్పుడు ఆ ప్రాణం పెట్టడం ఎలాంటిదో మా తోటల్లో తిరిగేవాళ్లకి తెలుసు.

ఇంక ఆ పళ్లు ఊడిపోయిన సింహం గురించి. నేనూ చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ బాధేస్తుంది. పేతురు ఆ ఉత్తరం రాసింది ఎవరికి? పొంతు, గలతియ, కప్పదొకియ, ఆసియ, బితూనియలో చెదిరిపోయి ఉన్న విశ్వాసులకి. వాళ్లు నమ్మకం కోసం మాటలు పడుతున్నారు, శ్రమలు పడుతున్నారు. 5:8 తర్వాత 5:9 చదవకుండా వదిలేస్తున్నాం, లోకంలో ఉన్న మీ సహోదరులు కూడా ఇవే శ్రమలు పడుతున్నారు కాబట్టి విశ్వాసంలో స్థిరంగా ఉండి వాణ్ణి ఎదిరించండి అని ఉంది అక్కడ. పళ్లు లేని దాన్ని ఎదిరించడం ఎందుకు, మెలకువగా ఉండడం ఎందుకు? పళ్లు లేవు అని వాక్యం ఎక్కడా చెప్పలేదు. నిజంగా కష్టంలో ఉన్నవాడికి నీ కష్టం ఉత్త అరుపే అని చెప్పినట్టు అవుతుంది. మా ఊళ్లో ఎలుగు చేతిలో దెబ్బ తిన్న మనిషికి అలా చెప్పగలమా?


కంబాలకొండ పక్షి:

నేను జంతువుల మీద ఇష్టంతో చదివేవాణ్ణి, చర్చికి కూడా వెళ్తాను. పిల్లల పాఠం కాబట్టి నావైపు నుంచి కొన్ని నిజాలు చెప్తాను, వాళ్లకి ఇవి బాగా నచ్చుతాయి.

బైబిల్ సింహం అంటే మన మనసులోకి టీవీలో చూసిన ఆఫ్రికా సింహం వస్తుంది. ఆ దేశంలో అప్పట్లో తిరిగినవి మన గుజరాత్ గిర్ అడవిలో ఉన్న ఆసియా సింహాల చుట్టాలు. ఒకప్పుడు ఇవి టర్కీ, ఇరాక్, ఇరాన్ మీదుగా మన ఉత్తర భారతం దాకా ఉండేవి. పాలస్తీనా ప్రాంతంలో మధ్యయుగాల్లోనే అంతరించిపోయాయి, మిగతా చోట్ల తర్వాత పోయాయి, ఇప్పుడు అడవిలో స్వేచ్ఛగా మిగిలింది గుజరాత్‌లో మాత్రమే. 2025 లెక్కల్లో 891 ఉన్నాయని తేలింది, 2020లో 674 ఉండేవి. మగదానికి జూలు ఆఫ్రికా దానికంటే కాస్త పలచగా ఉంటుంది, చెవులు కనిపిస్తాయి, పొట్ట కింద పొడుగునా చర్మం మడత ఉంటుంది. దావీదు గడ్డం పట్టుకున్నది ఇలాంటి దాన్నే. పిల్లల్ని ఎండాడ దగ్గర జూకి ఒక శనివారం తీసుకెళ్లగలిగితే పాఠం సగం అక్కడే అయిపోతుంది.

గర్జన సంగతి. సింహం వేటాడేటప్పుడు గర్జించదు, చప్పుడు చేస్తే ఎర పారిపోతుంది. గర్జన ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున, ఇది నా చోటు అని చెప్పడానికి, తన గుంపుకి తానెక్కడున్నానో చెప్పడానికి. దాదాపు 8 కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. ఈ తేడా ఆ రచయితలకి తెలిసినట్టే ఉంది, కీర్తన 10లో పొంచి ఉన్న సింహం నిశ్శబ్దంగా ఉంటుంది, ఆమోసు 3:4లో అడుగుతాడు, ఎర లేకుండా సింహం అడవిలో గర్జిస్తుందా అని. నా ఉద్దేశంలో పేతురు పొంచి ఉన్న సింహాన్ని కాకుండా గర్జించే సింహాన్ని ఎంచుకున్నది ఆ శ్రమల వల్లే. ఎదురుగా వచ్చి భయపెట్టి, ప్రభువు పేరు వదిలేసేలా చెయ్యడం అది. గుంపు చెదిరితే ఒంటరిగా మిగిలినదాన్ని పట్టుకోవడం సులువు.

ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. సింహం దేనికీ గుర్తు కాకుండా, ఉత్త సింహంగానే ఉన్న చోట్లు కూడా బైబిల్లో ఉన్నాయి. కీర్తన 104:21లో కొదమ సింహాలు ఎర కోసం గర్జిస్తూ తమ ఆహారాన్ని దేవుని చేతి నుంచి అడుగుతాయి, పొద్దు పొడవగానే వెళ్లి గుహల్లో పడుకుంటాయి, అప్పుడు మనిషి పనికి బయల్దేరతాడు. రాత్రి వాటిది, పగలు మనది. యోబు 38:39లో దేవుడు యోబుని అడుగుతాడు, సింహం పిల్లల ఆకలి నువ్వు తీర్చగలవా అని. సింహం మంచిదా చెడ్డదా అన్న పాపకి ఇది కూడా చెప్పండి, దేవుడు దానికీ అన్నం పెడుతున్నాడు అని.

సంసోను తాను చంపిన సింహం కళేబరంలోంచి తీసుకున్న తేనె గురించి కూడా పిల్లలు అడుగుతారు. తేనెటీగలు కుళ్లిన మాంసం మీద పట్టు పెట్టవు. న్యాయాధిపతులు 14:8లో కొంతకాలం తర్వాత అని ఉంది, ఆ ఎండకి మాంసం పోయి ఎండిన డొల్ల మిగిలి ఉండాలి, తేనెటీగలకి తొర్ర లాంటి చోటు చాలు.


అడివివరం:

నేను క్రైస్తవుణ్ణి కాదు, సింహాచలం కొండ కింద పుట్టి పెరిగినవాణ్ణి, ఈ చర్చ ఆసక్తిగా ఉంటే చదువుతున్నాను. మీ పాప ప్రశ్న మా ఇళ్లలో పిల్లలకి రాదు, ఎందుకంటే మాకు నరసింహస్వామి కథలో రెండూ ఒకేచోట ఉంటాయి. హిరణ్యకశిపుడికి ఉగ్రరూపం, పక్కనే నిలబడిన ప్రహ్లాదుడికి రక్షణ. మా స్వామిని ఏడాదంతా చందనం పూతలో ఉంచుతారు, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం. ఉగ్రం చల్లారడానికి ఆ చందనం అని మా పెద్దలు చెప్తారు. రెండు నమ్మకాలూ ఒకటే అని అనడం లేదు, వేరువేరు అని తెలుసు. తెలుసుకోవాలని అడుగుతున్నాను, మీ ప్రకటన గ్రంథంలో ఆ సింహం జయించింది అన్నారు కదా, ఎవరిని చీల్చి జయించింది? ఆ తర్వాత ఏమవుతుంది?


పాత పోస్టాఫీసు వీధి:

అన్నా, ఈ చర్చలో అసలు అడగాల్సిన ప్రశ్న మీరు అడిగారు. గౌరవంగా అడిగినందుకు కూడా చాలా థాంక్స్.

ప్రకటన 5 జరిగేది పరలోకంలో సింహాసనం ముందు. సింహాసనం మీద కూర్చున్నవాని చేతిలో ఏడు ముద్రలు వేసిన గ్రంథం ఉంది. దాన్ని విప్పగలవాడు పరలోకంలో గానీ భూమ్మీద గానీ భూమి కింద గానీ ఒక్కడూ దొరకలేదు, ఈ దర్శనం చూస్తున్న యోహాను బాగా ఏడుస్తున్నాడు. అప్పుడు పెద్దల్లో ఒకాయన ఏడవకు, యూదా గోత్రపు సింహం జయించాడు, ఆయన విప్పుతాడు అంటాడు. ఈ మాట యోహాను వింటాడు. విన్నవాడు సింహాన్ని చూద్దామని చూస్తాడు కదా. చూస్తే అక్కడ ఉన్నది గొర్రెపిల్ల, అదీ వధింపబడినట్టుగా ఉన్న గొర్రెపిల్ల, గాయంతో నిలబడి ఉంది.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, ఎవరినీ చీల్చలేదు. తానే చీల్చబడ్డాడు, అదే ఆయన జయం. ఆ తర్వాత 5:9లో పాడే పాట కూడా ఇదే చెప్తుంది, నీవు వధింపబడి నీ రక్తంతో మనుషుల్ని కొన్నావు కాబట్టి గ్రంథం తీసుకోవడానికి యోగ్యుడవు అని. ఇంకో సంగతి చూడండి, ఆ పుస్తకమంతటిలో క్రీస్తుని సింహం అన్నది ఈ ఒక్కచోటే. గొర్రెపిల్ల అన్నది 28 సార్లు. అంటే పుస్తకం చదివేకొద్దీ సింహం పేరు వెనక్కి వెళ్లి గొర్రెపిల్ల పేరే నిలుస్తుంది. అలాగని ఉగ్రం లేదని కాదు, 6:16లో రాజులు, ధనవంతులు కొండల్ని మా మీద పడండి, గొర్రెపిల్ల ఉగ్రత నుంచి మమ్మల్ని దాచండి అని వేడుకుంటారు. గొర్రెపిల్ల ఉగ్రత! నేను ఈ మాట దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను.

గాజువాక అక్కా, అసలు నకిలీ అనే జవాబుకంటే ఇది బలమైనది అని నా నమ్మకం. పేతురు చెప్పిన సింహం వేరేవాళ్లని మింగి బతుకుతుంది. యూదా సింహం వేరేవాళ్లు బతకడానికి తాను చనిపోయాడు. తొమ్మిదేళ్ల పిల్లకి కూడా ఈ తేడా తెలుస్తుంది.


అడివివరం:

చాలా బాగా చెప్పారు. ఐదో అధ్యాయం ఈ రోజు చదువుతాను.


ఎంవీపీ కాలనీ, రిటైర్డ్ టీచర్:

అమ్మా, దానియేలు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. పిల్లల చార్టులు తీసి చూడండి, సింహాల గుహలో ఉన్న దానియేలు ఎప్పుడూ నూనూగు మీసాల కుర్రవాడు. కథ ప్రకారం చూస్తే అలా కుదరదు. యూదా రాజు యెహోయాకీము కాలంలో, క్రీస్తు పూర్వం 605 ప్రాంతంలో, బాలుడిగా బబులోనుకి తీసుకుపోయారు. గుహలో వేసింది బబులోను మాదీయులకి, పారసీకులకి లొంగిపోయాక, అంటే 539 తర్వాత. అప్పటికి ఆయన ఎనభై దాటిన ముసలాయన. జీవితమంతా రోజుకి మూడుసార్లు కిటికీ దగ్గర మోకాళ్లూని ప్రార్థించినవాడు, ఆ వయసులో ప్రార్థన చెయ్యకూడదని చట్టం వచ్చినా మానలేదు. మీ సంఘంలో ఎవరైనా ముసలి తాతగారుంటే ఆయన్ని పిలిచి పిల్లల ముందు కూర్చోబెట్టి, దానియేలు ఈ తాతగారి అంత వయసువాడు అని చెప్పండి.

ఆ బబులోను నగరంలో సింహాలు గోడల మీద కూడా ఉండేవి. నెబుకద్నెజరు కట్టించిన ఊరేగింపు వీధికి రెండు పక్కలా రంగు పూత వేసిన ఇటుకలతో నడుస్తున్న సింహాల బొమ్మలు వరసగా ఉండేవి, తవ్వకాల్లో బయటపడ్డాయి, కొన్ని ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి. అష్షూరు రాజులైతే సింహాల్ని వేటాడి ఆ వేటని రాతి మీద చెక్కించుకున్నారు, వాళ్ల రాజధాని నీనెవెలో దొరికిన అషుర్‌బనిపాల్ రాజు వేట శిల్పాలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాజు బలమంటే సింహాన్ని చంపగలగడం అని వాళ్ల లెక్క. ఇది తెలిస్తే నహూము 2:11 భలే అర్థమవుతుంది, సింహాల గుహ ఏదీ, కొదమ సింహాలు మేసిన చోటు ఏదీ అని నీనెవెనే అడుగుతాడు. సింహాన్ని వేటాడిన పట్టణాన్ని సింహాల గుహ అని పిలిచి, అది ఇప్పుడెక్కడ అని అడగడం ఎంత ధైర్యం!

ఒక జాగ్రత్త చెప్తాను. దేవదూత సింహాల నోళ్లు మూశాడు అని చెప్పి ఆపేస్తే, పిల్లలు నమ్మినవాళ్లకి ఏమీ కాదు అనుకుంటారు. తర్వాత ఇంట్లో ఎవరికో జబ్బు చేసి పోతే ఆ నమ్మకం మీద పెద్ద దెబ్బ పడుతుంది. హెబ్రీయులకు 11:33లో సింహాల నోళ్లు మూసినవాళ్ల మాట ఉంది, అదే వరుసలో రెండు వాక్యాల తర్వాత హింస పడినవాళ్లు, ఇంకాస్త కిందకి వస్తే రంపాలతో కోయబడినవాళ్లు ఉన్నారు. వాళ్లనీ విశ్వాసవీరులే అన్నాడు. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ సంఘాధ్యక్షుడు ఇగ్నాతియస్‌ని మృగాలకి వేయడానికి రోముకి తీసుకెళ్లారు, దారిలో రాసిన ఉత్తరంలో నన్ను విడిపించడానికి ప్రయత్నించకండి, నేను దేవుని గోధుమని, మృగాల పళ్ల మధ్య నలగనివ్వండి అని రాశాడు. ఆయన విషయంలో సింహం నోరు మూతపడలేదు. దానియేలు దేవుడే ఆయన దేవుడు కూడా. ఇంకా దానియేలు 6:24లో ఆయన మీద కుట్ర చేసినవాళ్లతో పాటు వాళ్ల భార్యల్ని, పిల్లల్ని కూడా గుహలో వేశారు. అది దేవుడు చెప్పింది కాదు, రాజు ఆజ్ఞ. చిన్నపిల్లల క్లాసులో దాన్ని నేనైతే చదివించను, అడిగితే మాత్రం దాచను.


గాజువాక టీచర్:

అందరికీ చాలా చాలా థాంక్స్. "సింహం ఏం చేస్తోంది" అనే ప్రశ్నతోనే క్లాసు నడుపుతాను. టీచరమ్మ గారు చెప్పినట్టు మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు, అడిగితే తప్పకుండా వస్తారు. ఎండాడ బ్రదర్, మీ మాట కూడా గుర్తుపెట్టుకుంటాను, హోషేయ నుంచి 11వ అధ్యాయమే తీసుకుంటాను.

ఇంకొక్కటి అడగనివ్వండి. సిద్ధపడుతూ 1 రాజులు 13 చదివాను. యూదా నుంచి వచ్చిన దైవజనుణ్ణి సింహం చంపేస్తుంది. ఆయన్ని మోసం చేసింది బేతేలులో ఉన్న ముసలి ప్రవక్త, దేవదూత చెప్పాడని అబద్ధం చెప్పి భోజనానికి తీసుకెళ్లాడు. అబద్ధమాడినవాడు బాగానే ఉన్నాడు, నమ్మినవాడు చచ్చిపోయాడు. ఈ సింహం ఏం చేస్తోంది?


జీడితోట:

అక్కా, ఆ అధ్యాయం నన్నూ చాలాకాలం తినేసింది. ఆ ప్రవక్త ఎందుకు అబద్ధమాడాడో వాక్యం చెప్పదు, మనం కల్పించి చెప్పకూడదు అని నా అభిప్రాయం. కానీ మీరు అడిగింది సింహం సంగతి కదా, దానికి జవాబు అక్కడే ఉంది. 13:24 నుంచి 28 దాకా నెమ్మదిగా చదవండి. శవం దారిలో పడి ఉంది, ఒక పక్క గాడిద, ఒక పక్క సింహం. సింహం శవాన్ని తినలేదు, గాడిదని ముట్టుకోలేదు. గాడిదా పారిపోలేదు. దారిన పోయేవాళ్లందరూ చూశారు. మా వైపు మృగాల్ని ఎరిగినవాడెవడూ ఇది ఆకలి వేట అనడు. చెప్పింది ఒకటే చేసి ఆగిపోయింది ఆ సింహం. తినొద్దు, తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లొద్దు అని దైవజనుడికి చెప్పారు, ఆయన ఆగలేకపోయాడు.

దీనికి కొనసాగింపు చాలామంది చూడరు. సింహం తినకపోబట్టే పాతిపెట్టడానికి శరీరం మిగిలింది. ఆ ముసలి ప్రవక్తే వెళ్లి తెచ్చి, అయ్యో నా సహోదరుడా అని ఏడ్చి, తన సమాధిలోనే పెట్టాడు, నేను చచ్చాక నా ఎముకలు ఆయన ఎముకల పక్కనే పెట్టండి అని కొడుకులకి చెప్పాడు. దాదాపు 300 ఏళ్ల తర్వాత, 2 రాజులు 23లో, ఆ దైవజనుడు ముందే పేరు చెప్పిన యోషీయా రాజు బేతేలుకి వచ్చి బలిపీఠం పడగొట్టి, అక్కడి సమాధుల్లోంచి ఎముకలు తీయించి కాల్పించాడు. ఒక సమాధి గుర్తు చూసి అదేమిటని అడిగితే ఊరివాళ్లు చెప్పారు, నువ్వు ఇప్పుడు చేసినదంతా ముందే చెప్పిన యూదా దైవజనుడిది అని. అతని ఎముకల్ని ఎవరూ కదపొద్దు అన్నాడు రాజు. పక్కనే ఉన్న ముసలి ప్రవక్త ఎముకలు కూడా అలా మిగిలిపోయాయి.

చిన్నవాళ్లకి ఇది బరువు. మీ క్లాసులో పన్నెండేళ్ల వాళ్లకి అయితే రెండు అధ్యాయాలూ ఒకే రోజు కలిపి చదివించండి, ఒకటి చదివించి రెండోది తర్వాతి వారానికి వాయిదా వెయ్యకండి.